పాత పికప్ ట్రక్కుకు ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్: ఏది కొనాలి, వైరింగ్ ఎంత చేయాలి

డాలస్‌లోనో అట్లాంటాలోనో ఇరవై ఏళ్ల నాటి ఎఫ్-150 గానీ సిల్వరాడో గానీ బేరానికి దొరికింది. దాని వెనక ఓ ట్రావెల్ ట్రైలర్ తగిలించుకుని తిరగాలని కోరిక. మొదటి చిక్కు బ్రేకుల దగ్గరే వస్తుంది. ట్రైలర్ చక్రాల్లో ఎలక్ట్రిక్ బ్రేకులు ఉంటాయి. డ్రమ్ము లోపల ఉండే అయస్కాంతానికి కరెంటు అందితేనే అవి పడతాయి. ఆ కరెంటు ఎప్పుడు, ఎంత పంపాలో చూసుకునే పెట్టె పేరే బ్రేక్ కంట్రోలర్. కొత్త ట్రక్కుల్లో చాలావాటికి అది డాష్‌బోర్డులోనే వస్తుంది, పాతవాటికి మనమే పెట్టుకోవాలి.

మన ఊళ్లలో చెరుకు లోడుతో దిగుడులో పోతున్న ట్రాక్టర్‌ని వెనక ట్రాలీ ఎలా నెడుతుందో చూసినవాళ్లకు బ్రేకుల్లేని ట్రైలర్ సంగతి వివరించక్కర్లేదు. చట్టం కూడా ఊరుకోదు. టెక్సస్‌లో ట్రైలర్ స్థూల బరువు 4,500 పౌండ్లు దాటితే దానికి బ్రేకులు ఉండాలి. చాలా రాష్ట్రాల్లో ఆ గీత 3,000 పౌండ్ల దగ్గరే ఉంది.

ఏ పెట్టె కొనాలన్నది రెండో ప్రశ్న. మీ ట్రక్కులో ఇప్పటికే ఏ తీగలున్నాయన్నది మొదటిది. ఇది తేల్చుకోకుండా ఆర్డర్ పెట్టేస్తే, పెట్టె వచ్చాక దానికి కావలసిన తీగ ట్రక్కులో లేదని తెలుస్తుంది.

## కొనేముందు తేల్చుకోవలసినవి

మీ ట్రైలర్‌కు నిజంగా కంట్రోలర్ కావాలా? పడవ ట్రైలర్లలో చాలావాటికి సర్జ్ బ్రేకులు ఉంటాయి. ట్రక్కు నెమ్మదించగానే ట్రైలర్ ముందుకు తోసుకొస్తుంది, ఆ తోపుకే కొక్కెం దగ్గరున్న చిన్న మాస్టర్ సిలిండర్ నొక్కుకుని బ్రేకు పడుతుంది. వాటికి కంట్రోలర్‌తో పని లేదు. రివర్స్‌లో బ్రేకు పడకుండా ఆపే సాలినాయిడ్ (కరెంటుతో పనిచేసే చిన్న కవాటం) ఉంటే మాత్రం రివర్స్ లైటు తీగ ఒకటి, అంటే 5-పిన్ ప్లగ్గు, కావాలి. యూ-హాల్ అద్దె ట్రైలర్లలో బ్రేకులున్నవీ సర్జ్ రకమే. ఏడాదికోసారి అవి మాత్రమే లాగేవాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు.

ఎన్ని ఇరుసులు? 10, 12 అంగుళాల డ్రమ్ముల్లో ఒక్కో అయస్కాంతం సుమారు 3 ఆంపులు లాగుతుంది. ఒక ఇరుసుకు 6, రెండు ఇరుసులకు 12, మూడింటికి 18 ఆంపులు. తీగ మందం, సర్క్యూట్ బ్రేకర్ సైజు ఈ లెక్క మీదే ఆధారపడతాయి.

ట్రక్కు వెనక ఏ సాకెట్ ఉంది? బల్లపరుపుగా ఉండే 4-పిన్ ప్లగ్గు మాత్రమే ఉంటే మీకు లైట్ల తీగలు తప్ప ఇంకేమీ లేవు. గుండ్రటి 7-వే (ఏడు పిన్నుల) సాకెట్ కనబడినా వెంటనే సంబరపడకండి. టెస్ట్ లైటుతో 12 వోల్టుల పిన్ను, గ్రౌండు పిన్ను చూడండి. కొన్ని ట్రక్కుల్లో 12 వోల్టుల పిన్ను తాళం తిప్పాకే బతుకుతుంది, కాబట్టి ఇంజను ఆన్ చేసి కూడా చూడాలి. వెనకటి ఓనరు 7-వే సాకెట్ బిగించి, లోపల నాలుగు తీగలే కలిపి వదిలేసిన ట్రక్కులు ఎన్నో.

డాష్ కింద టో ప్యాకేజీ (ట్రైలర్ లాగడానికి కంపెనీ ఇచ్చే అమరిక) కనెక్టర్ ఉందా? కంపెనీ నుంచే టో ప్యాకేజీతో వచ్చిన ట్రక్కుల్లో స్టీరింగ్ కింద కంట్రోలర్ కోసం ఒక కనెక్టర్ ఉంటుంది. దానికీ కంట్రోలర్‌కూ మధ్య తగిలించడానికి ట్రక్కు మోడల్‌కు సరిపడే జంపర్ తీగ కొంటే చాలు, ఇరవై నిమిషాల పని. కానీ 1999–2006 నాటి సిల్వరాడో, సియెర్రాల్లో ఒక మెలిక ఉంది. లోపల కనెక్టర్ ఉన్నా, బానెట్ కింద ఫ్యూజ్ బాక్సు దగ్గర కంట్రోలర్‌కు పవర్ ఇచ్చే తీగ చాలావాటిలో బోల్టుకు బిగించకుండా కట్టలోనే వదిలేసి ఉంటుంది, దాని ఫ్యూజు కూడా ఉండదు. కంట్రోలర్ పాడైందనుకుని తిరిగి పంపేసేవాళ్లలో కొందరి అసలు సమస్య ఈ బిగించని తీగే.

## ఉన్న దారులు

| | టైమ్-డిలే | ప్రొపోర్షనల్ (తీగతో) | వైర్‌లెస్ | కంపెనీ ఇంటిగ్రేటెడ్ |
|---|---|---|---|---|
| సుమారు ధర | 60–80 డాలర్లు | 100–200 డాలర్లు | 250–350 డాలర్లు | విడిభాగాలు, ప్రోగ్రామింగ్ కలిపి ఇంకా ఎక్కువ |
| డాష్ కింద తీగల పని | నాలుగు తీగలు | నాలుగు తీగలు | లేదు | మాడ్యూల్, ప్రోగ్రామింగ్ |
| వెనక 7-వేలో 12 వోల్టులు | బ్రేకులకు అవసరం లేదు | బ్రేకులకు అవసరం లేదు | తప్పనిసరి | మామూలుగా ఉంటుంది |
| బిగించే కోణం | ఎలాగైనా | రకాన్ని బట్టి పట్టింపు | ట్రైలర్ మీద లేదా ప్లగ్గు దగ్గర | డాష్‌లో |
| కొండ దారి | బాగోదు | బాగుంటుంది | బాగుంటుంది | చాలా బాగుంటుంది |
| చేతి మీట (ట్రైలర్ బ్రేకు ఒక్కటే వేసేది) | ఉంది | ఉంది | రిమోట్ లేదా ఫోన్ | ఉంది |

### టైమ్-డిలే

మీరు పెడలు ఎంత గట్టిగా తొక్కారో దీనికి తెలియదు. బ్రేకు లైటు వెలిగిందని మాత్రమే తెలుసు. వెలగగానే మీరు ముందే పెట్టుకున్న వేగంతో, మీరు పెట్టుకున్న స్థాయి దాకా కరెంటు పెంచుకుంటూ పోతుంది. అందుకే ట్రాఫిక్‌లో పెడలు మీద కాలు ఆనించినా ట్రైలర్ వెనక్కి లాగినట్టు కుదుపు వస్తుంది. ముందు కారు ఠక్కున ఆగినప్పుడు మాత్రం ఆ ఒక క్షణం ఆలస్యంగా అందుకుంటుంది.

దీనికున్న మంచి గుణం ఒకటే: లోపల సెన్సర్ లేదు కాబట్టి తలకిందులుగా బిగించినా పనిచేస్తుంది. సమతలమైన దారిలో, ఒకే ఇరుసున్న తేలికపాటి ట్రైలర్‌ని ఏడాదికి నాలుగైదుసార్లు లాగేవాళ్లకు సరిపోతుంది. అంతకు మించి వాడేవాళ్లు ఆ 50 డాలర్ల తేడా దగ్గర పీనాసితనం చేయకూడదు. తీగల శ్రమ రెండింటికీ ఒకటే కదా.

### ప్రొపోర్షనల్

పాత ట్రక్కుకు మామూలుగా కొనవలసింది ఇదే. లోపలి సెన్సర్ ట్రక్కు ఎంత వేగంగా నెమ్మదిస్తోందో చూసి, అదే పాళ్లలో ట్రైలర్ బ్రేకులకు కరెంటు పంపుతుంది. మెల్లగా ఆపితే మెల్లగా, గట్టిగా తొక్కితే గట్టిగా.

వీటిలో తేడా కోణం దగ్గర వస్తుంది. టెకోన్షా వోయజర్ లాంటి పాత తరహా పెట్టెల్లో సెన్సర్‌ని చేత్తో లెవెల్ చేసుకోవాలి. మోకాలి దగ్గర వంపుగా ఉన్న ప్యానెల్ మీద బిగించి లెవెల్ చేయడం మరిచిపోతే, బ్రేకు ఉన్నట్టుండి పట్టేస్తుంది లేదా అసలు పట్టదు. అదే కంపెనీ ప్రాడిజీ పీ2, పీ3 తమంతట తామే లెవెల్ సరిచేసుకుంటాయి. ఈ మూడిట్లో ఏదైనా సరే, ట్రక్కు పోయే దిక్కుకు సూటిగా ఉండాలి, పక్కకు తిప్పి బిగిస్తే సెన్సర్ లెక్క తప్పుతుంది.

పీ3కి పెద్ద తెర ఉంటుంది, తప్పు ఎక్కడుందో మాటల్లో రాసి చూపిస్తుంది. పాత వైరింగ్ ఉన్న ట్రక్కులో ఇది సోకు కాదు. నీళ్లు దిగిన ప్లగ్గు ఎక్కడో వెతుక్కునే పని సగం తగ్గిస్తుంది. ట్రైలర్‌లో ఎలక్ట్రిక్-ఓవర్-హైడ్రాలిక్ (కరెంటు పంపు తెచ్చే ద్రవ ఒత్తిడితో పడే) బ్రేకులుంటే ఆ మోడ్ ఉన్న కంట్రోలరే కొనాలి, పీ3లో అది ఉంది.

1980ల, 90ల ట్రక్కుల్లో స్టీరింగ్ కింద చోటు తక్కువ, దిగేటప్పుడు మోకాలు పెట్టెకు తగులుతుంది. ఆస్ట్రేలియా కంపెనీ రెడార్క్ వారి టో-ప్రో ఎలీట్‌లో అసలు మాడ్యూల్‌ని డాష్ వెనక ఎక్కడైనా దాచేసి, చిన్న గుండీ ఒక్కటే బయటికి పెట్టుకోవచ్చు. ధర కొంచెం ఎక్కువే అయినా ఇరుకు క్యాబిన్‌కు చక్కగా నప్పుతుంది. దీనికీ అవే నాలుగు తీగలు.

### వైర్‌లెస్

ఇక్కడే చాలామంది పొరబడతారు. వైర్‌లెస్ అన్న మాట చూసి తీగలు లాగే పని తప్పిందనుకుంటారు. తప్పేది డాష్ కింది పని మాత్రమే. కర్ట్ కంపెనీ ఎకో కంట్రోలర్ ట్రక్కు 7-వే సాకెట్‌కి, ట్రైలర్ ప్లగ్గుకి మధ్యలో దూరుతుంది, సెట్టింగులు ఫోన్ నుంచి చేసుకోవాలి, రెండు ఇరుసుల వరకే. ప్రాడిజీ ఆర్‌ఎఫ్ ట్రైలర్ ముందు చట్రం మీద బిగుస్తుంది, క్యాబిన్‌లో సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టుకునే చేతి రిమోట్ వస్తుంది. రెండింటికీ అయస్కాంతాల కరెంటు ట్రక్కు 7-వేలోని 12 వోల్టుల పిన్ను నుంచే రావాలి. మీ ట్రక్కుకు 4-పిన్ మాత్రమే ఉంటే బ్యాటరీ నుంచి వెనకదాకా మందపాటి తీగ ఎలాగూ లాగాలి. ఆ తీగకు పడే శ్రమే పెద్దది. అది అయిపోయాక డాష్ కింద మిగిలిన మూడు తీగలు కలపడానికి భయపడి 150 డాలర్లు ఎక్కువ పెట్టడం నా లెక్కలో దండగ.

ఇంకో మాట. మీరు బ్రేకు తొక్కారన్న సంగతి వీటికి 7-వేలోని లైటు పిన్నుల ద్వారానే తెలుస్తుంది. పాతికేళ్ల ట్రక్కులో ఆ పిన్నులకు పచ్చగా చిలుము పట్టి ఉంటే, లైటు మసకబారడంతో ఆగదు, బ్రేకు కూడా తడబడుతుంది. ట్రైలర్ ఊగిపోతున్నప్పుడు ఒక్క ట్రైలర్ బ్రేకే చేత్తో వేయడం ప్రాణం కాపాడే పని. అప్పుడు ఫోన్ తెర మీద బటన్ వెతుక్కోవడం కన్నా వేలికి తగిలే మీట నయం. ఈ రెండిట్లో ఆర్‌ఎఫ్ రిమోట్ వైపే మొగ్గడానికి కారణం అదే.

మరి ఎవరికి బాగుంటుంది? ఒకే ట్రైలర్‌ని ఇద్దరు ముగ్గురి ట్రక్కులు మార్చి మార్చి లాగుతుంటే వైర్‌లెస్‌కు సాటి లేదు. ఒకే ట్రక్కు రకరకాల ట్రైలర్లు లాగుతుంటే తీగ పెట్టెకు సాటి లేదు.

### కంపెనీ ఇంటిగ్రేటెడ్

ట్రక్కు తయారీ కంపెనీయే డాష్‌లో అమర్చి ఇచ్చే కంట్రోలర్లు ఇవి, ఫోర్డ్ 2005 సూపర్ డ్యూటీ పికప్‌తో మొదలయ్యాయి. ఇవి ట్రక్కు బ్రేకు సిస్టమ్‌తో నేరుగా మాట్లాడుకుంటాయి, అందుకే అంత నున్నగా ఆపుతాయి. మీ మోడల్ ఏడాదికి అది ఆప్షన్‌గా ఉండి, మీ ట్రక్కులో లేకపోతే, మాడ్యూల్ తెచ్చి ప్రోగ్రామింగ్ చేయించుకోవడం కుదరవచ్చు. అంతకన్నా పాత ట్రక్కులో ఈ ఆలోచన వదిలేయండి, దీనితో మాట్లాడగల కంప్యూటర్ అవతల ఉండదు.

## మొదటి నుంచీ వైరింగ్ చేయాల్సి వస్తే

సామాను: 10 లేదా 12 గేజ్ (అంకె తగ్గేకొద్దీ తీగ లావు) నీలం తీగ 25–30 అడుగులు, నలుపు–తెలుపు జంట తీగ 8 అడుగులు, తనంతట తాను రీసెట్ అయ్యే బ్రేకర్ (రెండు ఇరుసుల వరకు 20 ఆంపులు, మూడైతే 30), రింగ్ టెర్మినళ్లు, రెండు తీగల కొసలు కలిపే, వేడికి ముడుచుకునే గొట్టమున్న బట్ కనెక్టర్లు, రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకు తొడిగే రింగు), తీగలకు తొడిగే ప్లాస్టిక్ గొట్టం, జిప్ టైలు, తీగ తోకతో వచ్చే 7-వే సాకెట్. ట్రైలర్ బ్యాటరీ కూడా చార్జ్ కావాలంటే 12 వోల్టుల పిన్నుకు ఇంకో తీగ, దానికి వేరే బ్రేకర్.

తీగ మందం దగ్గర బేరాలొద్దు. బ్యాటరీ నుంచి కంట్రోలర్ మీదుగా వెనక సాకెట్ దాకా 30 అడుగులు, 12 ఆంపులు అనుకుంటే పాజిటివ్ వైపు ఒక్కటే ఎంత వోల్టేజి దారిలో పోతుందో చూడండి:

| తీగ గేజ్ | పోయే వోల్టేజి |
|---|---|
| 10 | 0.36 |
| 12 | 0.57 |
| 14 | 0.91 |
| 16 | 1.45 |

ఇంట్లో మిగిలిన 16 గేజ్ స్పీకర్ తీగతో పని కానిచ్చేస్తే పదో వంతుకు పైగా వోల్టేజి తీగలోనే వేడిగా పోతుంది, గ్రౌండు వైపు నష్టం దానికి అదనం. కంట్రోలర్‌ని చివరి దాకా పెంచినా బ్రేకు పట్టడం లేదని వాపోయే ట్రక్కుల్లో మొదట చూడవలసింది ఇదే.

పని మొదలుపెట్టేముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. కంట్రోలర్ నాలుగు తీగల్లో నలుపు తీగ బ్రేకర్ ద్వారా బ్యాటరీ పాజిటివ్‌కు. బ్రేకర్ బ్యాటరీకి దగ్గర్లోనే ఉండాలి, క్యాబిన్‌లో పెడితే మధ్యలో తీగ ఒరుసుకుని షార్ట్ అయినప్పుడు అది కాపాడలేదు. తెలుపు తీగ నేరుగా బ్యాటరీ నెగటివ్‌కు. డాష్ కింద కనబడిన ఇనుప బోల్టుకు బిగిస్తే చాలదు, తుప్పు పట్టిన పాత బాడీలో గ్రౌండు నమ్మలేం. నలుపు, తెలుపు తారుమారైతే పెట్టె కాలిపోవచ్చు. నీలం తీగ వెనక సాకెట్‌లోని బ్రేకు పిన్నుకు. ఫైర్‌వాల్ (ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య రేకు) రంధ్రంలో గ్రోమెట్ లేకుండా తీగ దూర్చకండి. కింద ఛాసిస్ పట్టీ లోపలి వైపు నుంచి తీసుకెళ్లి, సైలెన్సర్ గొట్టానికీ డ్రైవ్ షాఫ్ట్‌కూ దూరంగా, అడుగున్నరకోసారి జిప్ టైతో కట్టండి.

7-వే తీగల రంగులను నమ్మకండి. రెండు రకాల రంగు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. ఒకదానిలో ఆకుపచ్చ కుడి ఇండికేటర్ అయితే ఇంకోదానిలో అదే రంగు వెనక లైట్లకు. పిన్ను ఏ పని చేస్తుందో టెస్ట్ లైటుతో చూసుకునే కలపాలి.

మిగిలింది ఎరుపు తీగ, అసలు తలనొప్పి అంతా దీనితోనే. ఇది బ్రేకు పెడలు పైనున్న స్టాప్ లైట్ స్విచ్‌కు వెళ్లాలి. అక్కడ ఒక తీగలో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, ఇంకోదానిలో పెడలు తొక్కితేనే వస్తుంది. మనకు కావలసింది రెండోది. బ్యాటరీ నెగటివ్ మళ్లీ కలిపి, టెస్ట్ లైటు క్లిప్ మంచి గ్రౌండుకు తగిలించి, మొనను ఒక్కో తీగకు ఆనించి పెడలు తొక్కి వదులుతూ చూడండి. తొక్కినప్పుడే వెలిగి, వదలగానే ఆరిపోయే తీగ దొరుకుతుంది. ఇప్పుడు పెడలు వదిలేసి హజార్డ్ లైట్లు వేయండి. మొన ఆనించిన ఆ తీగ దగ్గర టెస్ట్ లైటు మిణుకుమిణుకుమంటే అది తప్పు తీగ. మీరు ఇండికేటర్ స్విచ్ దాటాక ఉన్న తీగను పట్టుకున్నారన్నమాట. అమెరికా పాత ట్రక్కుల్లో బ్రేకు లైటూ ఇండికేటరూ ఒకే బల్బు కాబట్టి ఈ పొరపాటు సులువుగా జరుగుతుంది. ఎరుపు తీగ అక్కడ కలిపితే, ఎడమ ఇండికేటర్ వేసిన ప్రతిసారీ ట్రైలర్ బ్రేకు టక్కు టక్కుమని పట్టి వదులుతుంది. తీగ తొక్కు మీద నొక్కి కరిపించే నీలం రంగు క్లిప్పులు ఈ ఒక్క చోట అసలు వాడకండి. పాత రాగి పోగుల్లో సగం తెగి, వానాకాలంలో చిలుము పట్టి, ఆరు నెలలకు బ్రేకు ఒకరోజు పనిచేసి ఒకరోజు మానేస్తుంది. తొక్కు ఒలిచి, సోల్డర్ చేసి, ముడుచుకునే గొట్టం తొడగండి.

## ఎవరు ఏది తీసుకోవాలి

ఒకే ఇరుసున్న 3,000 పౌండ్ల పాప్-అప్ క్యాంపర్ (మడత విప్పి గుడారంలా నిలబెట్టే ట్రైలర్), హ్యూస్టన్ చుట్టుపక్కల సమతలపు రోడ్లు: పీ2 స్థాయి ప్రొపోర్షనల్ చాలు. టైమ్-డిలేతోనూ నడుస్తుంది, కానీ ట్రాఫిక్ ఎక్కువ ఉన్న ఊరైతే ఆ కుదుపులతో వారంలోనే విసుగొస్తుంది.

రెండు ఇరుసులు, 5,000–7,000 పౌండ్లు, పిల్లల సెలవులకు స్మోకీ కొండలు లేదా కొలరాడో: పీ3 లేదా టో-ప్రో, 10 గేజ్ తీగ. ఇక్కడ టైమ్-డిలే పెట్టడం ప్రమాదం. పొడవాటి దిగుడులో పెడలు మీద కాలు ఉన్నంతసేపూ అది ఒకే స్థాయిలో కరెంటు పంపుతుంది, ట్రైలర్ డ్రమ్ములు వేడెక్కి పట్టు తప్పుతాయి.

స్నేహితుల మధ్య పంచుకునే ట్రైలర్, ట్రక్కులన్నిటికీ పనిచేసే 7-వే ఉంది: ప్రాడిజీ ఆర్‌ఎఫ్.

రెండేళ్లలో అమ్మేసే ట్రక్కు, టో ప్యాకేజీ కనెక్టర్ ఉంది: జంపర్ తీగతో ప్రొపోర్షనల్. అమ్మేటప్పుడు పెట్టె ఊడదీసుకుని, తర్వాతి ట్రక్కుకు వేరే జంపర్ కొనుక్కోవచ్చు.

## బిగించాక సర్దుబాటు

కంట్రోలర్ సెట్టింగ్ ముట్టుకునేముందు ట్రైలర్ డ్రమ్ముల సర్దుబాటు చూడండి. లోపలి షూలు అరిగి దూరమై ఉంటే ఎంత కరెంటు పంపినా దండగే. తర్వాత ఖాళీగా ఉన్న పొడి రోడ్డు మీద, గంటకు 25 మైళ్ల వేగంలో, పెడలు తొక్కకుండా చేతి మీట పూర్తిగా లాగండి. ట్రైలర్ చక్రాలు పట్టేసి జారితే పవర్ తగ్గించండి, బలహీనంగా ఉంటే పెంచండి. చక్రం జారడానికి ఒక మెట్టు ముందు ఆగాలి. నాలుగైదుసార్లు బ్రేకు వేసి డ్రమ్ములు కాస్త వెచ్చబడ్డాకే ఈ పని చేయాలి, చల్లటి బ్రేకు మీద పెట్టిన సెట్టింగ్ నిలవదు. ట్రైలర్ ఖాళీగా ఉన్నప్పుడు పెట్టిన పవర్ సామాను ఎక్కించాక చాలదు, అప్పుడు మళ్లీ చూసుకోవాలి.

బ్రేకు బలహీనంగా ఉంటే నీలం తీగను విడదీసి, మల్టీమీటర్‌ని మధ్యలో వరుసగా పెట్టి, చేతి మీట పూర్తిగా లాగి కరెంటు కొలవండి. మీటర్‌కి 20 ఆంపుల రేంజ్ ఉందో లేదో ముందు చూసుకోండి, చాలా చౌక మీటర్లు 10 దగ్గరే ఫ్యూజ్ కొట్టేస్తాయి. రెండు ఇరుసులకు 12 ఆంపుల దగ్గర ఉండాలి. 9 వస్తే ఒక అయస్కాంతానికి తీగ తెగింది. 12 బాగా దాటితే ఎక్కడో తొక్కు ఒరుసుకుని గ్రౌండుకు తగులుతోంది, సాధారణంగా ఇరుసు గొట్టం లోపల.

ట్రైలర్ విడిపోతే తనంతట తాను బ్రేకు వేసే బ్రేక్‌అవే స్విచ్‌ను పరీక్షించేటప్పుడు మాత్రం 7-వే ప్లగ్గు ముందే పీకేయండి. ప్లగ్గు ఉండగా పిన్ను లాగితే ట్రైలర్ బ్యాటరీ కరెంటు నీలం తీగలో వెనక్కి వచ్చి, కొత్త కంట్రోలర్‌ను పాడుచేయగలదు.